గద్దె రేకు

చంద్రపూర్,
12 ఫిబ్రవరి 2025, బుధవారం.

పూజ్యులైన తాత చిన్నయ్య గారి పాదాలకు మనవరాలు తిరుమల దండం పెట్టి రాయునది.

ఇక్కడ బాపు, అమ్మ, నేను క్షేమం. అక్కడ నువ్వూ నాయనమ్మా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. "ఉత్తరం గట్లనే షురూ చెయ్యాలె, లేకుంటె ఎవలో సచ్చిన్రని గుండె ఆగుతది" అని నువ్వు చెప్పావు కాబట్టి రాశాను. రాస్తుంటే మాత్రం చెయ్యి సాగలేదు తాతా. నాకు క్షేమంగా లేదు. పది నెలలుగా నోట్లో ఏదో పాచి రుచి. ఎన్నిసార్లు పళ్ళు తోముకున్నా పోవడం లేదు.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. నీకు ఫోన్ సరిగా వినబడదు, అన్నిటికీ "ఆ ఆ" అంటావు. ఇంతలో నాయనమ్మ లాక్కుని "తిన్నవా" అని అడిగి పెట్టేస్తుంది. పైగా మరాఠీ బడిలో చదివిన నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది నువ్వు. ఉత్తరం పుస్తకంలో భాషలా ఉండాలని చెవి మెలేసి నేర్పావు. తెలుగులో నేను రాసేది నీకొక్కడికే. నువ్వు అరుగు మీద కూర్చుని గట్టిగా చదువుతుంటే నాయనమ్మ బియ్యం ఏరుకుంటూ వింటుంది, అది మీ ఇద్దరికీ అలవాటు. అందుకని ముందే ఒక మాట. భూమన్న మామ ఈ ఉత్తరంతో పాటు చీరగుడ్డలో కట్టిన ఒక మూట ఇస్తాడు. ఉత్తరం ఆఖరి దాకా చదివాకే దాన్ని విప్పాలి. నాయనమ్మా, నీకే చెప్తున్నాను, ముడి మీద చెయ్యి వెయ్యకు.

మొన్న ఆదివారం బాపు మన ఊరు కోఠారి నుంచి వచ్చి చెప్పిన సంగతి విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. గౌరమ్మ పెద్దమ్మ కొడుకు రాకేష్ గనిలో దెబ్బ తగిలి బతికి బయటపడ్డందుకు, ఈ ఇరవై మూడు ఆదివారం మల్లన్నకు రంగుపొడుల ముగ్గు పట్నం వేయిస్తానని ఆమె మొక్కుకుందట. నిన్ను పిలవడానికి వస్తే నువ్వు వెయ్యనన్నావట. "గద్దె రేకు వోయిన్నాడే దేవుడు నా చెయ్యి ఇడిసిపెట్టిండు. నా మతి మీద నాకే భరోస లేదు. ఇంకెవలనన్న పిలుసుకో బిడ్డా" అన్నావట. అంతటితో ఆగావా? శివరాత్రి వెళ్ళాక పట్నం వేసే చిల్లుల రేకులు మిగిలిన ఆరూ కూడా తీసుకుపోయి వార్ధా నదిలో వదిలేస్తానన్నావట. బాపు ఆ మాట చెప్పి పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు. పన్నెండేళ్ళప్పుడు పట్టిన పనిని డెబ్బై నాలుగేళ్ళకు నీళ్ళలో వదులుతావా తాతా?

పోయిన ఏడు రాజురాలో వెంకటి వాళ్ళింటి పట్నంలో జరిగింది నేను మరిచిపోలేదు. ట్రంకుపెట్టె తెరిస్తే ఏడు రేకులకు ఆరే ఉన్నాయి. దేవుడు కూర్చునే నట్టనడిమి చోటుకు కావలసిన గద్దె రేకు లేదు. చేసేది లేక నువ్వు చేత్తోనే గద్దె వేశావు. గద్దె వంకర వచ్చింది. ఎవడో దాన్ని ఫోన్లో తీసి "ముసలోని గద్దె ఒరిగింది సూడున్రి" అని నవ్వాడు. థూ, వాడి నవ్వు పాడుగాను. ఆ వీడియో మా క్వార్టర్ల దాకా వచ్చింది. నాయనమ్మేమో "యాడనో వెట్టి యాది మర్సిండు, మతి వోయింది ముసలోనికి" అని ఇంటింటికీ చెప్పింది. నువ్వు నమ్మావు. బియ్యం గాబు ఒంపి వెతికావు. పశువుల కొట్టంలో గడ్డి అంతా తిరగేశావు. మార్చి ఎండలో బల్లార్‌పూర్‌లో పాతసామాన్లు కొనే కబాడీ దుకాణాలన్నీ తిరిగి, చిల్లుల రేకు ఒకటి వచ్చిందా అని అడిగావు. అవన్నీ నాకు తెలుసు తాతా.

ఆ రేకులను నువ్వు ఒకవైపు నుంచి చూసేవాడివి, నేను రెండో వైపు నుంచి. మీ నాయన పాత టీ డబ్బాలు, బిస్కెట్ డబ్బాలు కోసి, సాపు చేసి, మేకుతో చిల్లులు కొట్టి చేసినవి అవి. నీ వైపు సూర్యుడు, చంద్రుడు, నాగుబాము, గద్దె. నా వైపు డబ్బాల మీది బొమ్మలు. ఒకదాని మీద సగం నెమలి. ఒకదాని మీద పొగ వదిలే ఓడ. గద్దె రేకు వెనుక పచ్చచీర కట్టుకుని కప్పూ సాసరూ పట్టుకుని నవ్వే ఆమె. ఆమె కింద తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో టీ అని ఉండేది. అందరూ అ ఆలతో మొదలుపెడితే నేను ఆ టీతో మొదలుపెట్టాను. ఆ అక్షరాల వంపు, ఆ పచ్చరంగు వెలిసిపోయి కూడా ఎంత నిండుగా ఉండేదో, ఇప్పుడు కళ్ళు మూసుకుని గీయమన్నా గీస్తాను.

నువ్వు రేకు నేల మీద పెట్టి పైనుంచి పసుపు, బియ్యప్పిండి, కుంకుమ, ఆకుపొడి, బొగ్గుపొడి జల్లేవాడివి. రేకు ఎత్తితే చుక్కలు చుక్కలుగా దేవుడి పట్నం లేచేది. డోలు మోగేది, నువ్వు మల్లన్న కథ చెప్పేవాడివి. ఆఖరున వట్టి కాళ్ళతో ఆ పట్నాన్నంతా తొక్కేసేవాడివి, జనం ఆ పొడి తీసుకుని నుదుటికి పెట్టుకునేవారు. నాకు అయిదేళ్ళప్పుడు, ఇంత మంచి బొమ్మ ఎందుకు తొక్కుతావని ఏడ్చాను. "తొక్కకుంటె దేవుడు యాడికి వోతడే పిచ్చిదానా, గీడనే కూసుంటడు. పిలిశినోళ్ళమే సాగదోలాలె" అన్నావు. ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. నాగపూర్‌లో, తెచ్చుకున్న దేవుళ్ళను సాగనంపనివాళ్ళ ఇళ్ళు చూశాక అర్థమైంది.

అగ్గిపెట్టెల లేబుళ్ళు, సోడా సీసాల కాగితాలు, బట్టల మిల్లుల ముద్రలు, పాత క్యాలెండర్లు నేను పోగుచేస్తుంటే అమ్మ "గీ చెత్తంత ఏం జేసుకుంటవే" అని చీపురు పట్టుకుని వెంటపడేది. ఆ చెత్త పిచ్చే నన్ను బొమ్మల కాలేజీలో చేర్చింది. ఆ పిచ్చి నీ రేకుల వెనుకవైపు నుంచి వచ్చిందని అమ్మకు తెలియదు, నీకు తెలుసు. నాగపూర్ బస్సు ఎక్కేటప్పుడు నా నుదుట పసుపు బండారి పెట్టి, పాత పని విలువ తెలిసిన వాళ్ళ దగ్గరికి పోతున్నావని మురిశావు.

విలువ తెలిసిన వాళ్ళట! నేను ఆ కాలేజీ ఎందుకు వదిలేశానో నీకు ఎవరూ సరిగా చెప్పలేదు. అక్కడి నీళ్ళు పడలేదని అమ్మ అందరికీ చెప్పుకుంది. పక్క క్వార్టర్ వాళ్ళు ఏ పిల్లగాడి సంగతో అనుకుని మూతి తిప్పుకున్నారు. ఒక ఏడాది చదువు మట్టిలో కలుపుకుని, ఇక్కడ చంద్రపూర్‌లో మళ్ళీ రెండో ఏడులో కూర్చున్నాను. నీళ్ళు బాగానే పడ్డాయి తాతా. మనుషులే పడలేదు.

అక్కడ మొదటి నెలలో మాకు నేర్పిన పని ఏమిటో తెలుసా? కొత్త కాగితాన్ని పాతదిగా చెయ్యడం. టీ డికాక్షన్ కాచి, అందులో తెల్లటి కాగితాలు ముంచి, ఎండబెట్టి, అంచులు కొవ్వొత్తితో కాల్చాలి. నలభై కాగితాలు చేశాను. గదంతా పుల్లటి కంపు, వేళ్ళ నిండా టీ మరకలు. కొత్త రేకు డబ్బాకు ఉప్పునీళ్ళు పూసి తుప్పు పట్టించడం ఇంకో పాఠం. మన ఇళ్ళల్లో పాతదాన్ని చింతపండు పెట్టి తోమి కొత్తగా చేస్తాం. వీళ్ళు కొత్తదాన్ని చెడగొట్టి పాతదని చెప్తారు. పాతదంటే వాళ్ళకు మురికి, మరక, చిరుగు. అంతే. దాన్ని చేసినవాడెవరో, ఎందుకు చేశాడో ఒక్కరూ అడగరు.

మా సర్ పేరు అనంతరావు. ఏ వస్తువు కనబడినా ముందు చేత్తో తడుముతాడు, తరువాత ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, తరువాత "ఖూప్ ఛాన్, ఖూప్ ఛాన్" అంటాడు. ఎంత బాగుందో అని దానర్థం. బాగున్నదానికీ బాగాలేనిదానికీ ఆయనకు అదే మాట. ఒకసారి క్లాసు మొత్తాన్ని ఇంటికి పిలిచాడు. హాలు నిండా ఎవరెవరి ఇళ్ళనుంచో పట్టుకొచ్చిన సామాన్లు. ఏ ఇంటి దేవుడి పీటో, దాని మీద బూట్లు పెట్టాడు. గుమ్మం పక్కన ఒక రోలు ఉంది నాయనమ్మా, నీ రోలంతది, లోపల నున్నగా అరిగింది. ఎంతమంది ఆడవాళ్ళు ఎన్నేళ్ళు పచ్చడి నూరితే అంత నున్నబడుతుంది! దాని నిండా సిగరెట్ పీకలు. అందులో ఎవరో ఉమ్మారు కూడా. ఛీ!  మా క్లాసు వాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు.

ఆ సర్ ఒక పని ఇచ్చాడు. ఎవరింట్లోనైనా తరతరాలుగా వాడుతున్న పాత సామాను ఒకటి తేవాలి, దాని మీది బొమ్మను చూసి కొత్త బొమ్మ చెయ్యాలి. ఒకరు సుర్మా డబ్బీ తెచ్చారు, ఒకరు అడకత్తెర తెచ్చారు. మా క్లాసులో ఒక పిల్ల, పేరెందుకులే, వాళ్ళింటి దేవుడి సామాను ఒకటి తెచ్చింది. ఇంట్లో అడిగి తేలేదు, చెప్పి తేలేదు. సర్ దాన్ని తడిమాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఖూప్ ఛాన్ అన్నాడు. తరువాత ఆ పిల్లను అడిగాడు, దీని మీద నీకు నమ్మకం ఉందా, నువ్వు నిజంగా మొక్కుతావా అని. క్లాసంతా ఆ పిల్ల వైపు చూసింది. అందరూ నాగపూర్ పెద్ద ఇళ్ళ పిల్లలు. ఆ పిల్ల నవ్వింది తాతా. నవ్వి, అబ్బే, నాకలాంటివేం లేవు సర్, మా ఊళ్ళో చదువు లేని ముసలివాళ్ళ అలవాటు, నాకు డిజైన్ ఒక్కటే ఇష్టం అంది. ఆ నవ్వు నాకింకా చెవిలో వినబడుతుంది. తుప్పు పట్టించిన రేకు కన్నా రోతగా ఉంది ఆ నవ్వు.

ఇంకో నాలుగు రోజులు ఉండనీ అని సర్ ఆ సామాను దగ్గర పెట్టుకున్నాడు. నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి. పోయిన ఏప్రిల్‌లో సర్ స్నేహితుడు ధనరాజ్ నాగపూర్‌లో ఒక కాఫీ దుకాణం తెరిచాడు, పాతకాలం ఇరానీ హోటల్ లాగా. మా క్లాసు వాళ్ళందరినీ పిలిచారు. గోడల నిండా మేము టీలో ముంచిన కాగితాలు. రేషన్ కార్డు లాగా అచ్చు వేసిన మెనూ. రేషన్ దుకాణం ముందు ఒక్కరోజు నిలబడి చూసిన మొహాలా అవి! దేవుడి సామాను ఎక్కడా కనబడలేదు. ఆ పిల్ల అన్ని గోడలూ వెతికింది. చేతులు కడుక్కుందామని లోపలికి వెళ్తే అప్పుడు కనబడింది. ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకు కొట్టారు తాతా. దేవుడి సామానును మరుగుదొడ్డి తలుపుకు! లోపల నీళ్ళు వదిలిన చప్పుడు. తలుపు కింద తడి. బయటికి వచ్చే ప్రతి ఆడమనిషీ తడి చెయ్యి దాని మీద పెట్టి తలుపు మూస్తోంది. ఇద్దరు దాని పక్కన మొహం పెట్టి ఫోటో దిగారు.

ఆ పిల్ల ఏం చేసిందంటావు? అక్కడే కొళాయి దగ్గర వాంతి చేసుకుంది. తరువాత మూతి తుడుచుకుని బయటికి వచ్చింది. ఎట్లా ఉందని సర్ అడిగాడు. బాగుంది సర్ అంది. బాగుంది అంది! ధనరాజ్ ఇచ్చిన షర్బత్ గ్లాసు పట్టుకుని అందరి మధ్యా నిలబడి తాగింది. సర్ మీద నాకు అసహ్యమే, ధనరాజ్ మీదా అసహ్యమే. వాళ్ళకు అదేమిటో తెలియదు, తెలుసుకునే బుద్ధి లేదు. కానీ తెలిసి తెలిసి నోరు మూసుకున్న ఆ పిల్లను తలుచుకుంటే నాకు ఇంకా అసహ్యం. ఆ పిల్ల మొహం మీద ఉమ్మెయ్యాలనిపిస్తుంది. పరీక్షలు రాయకుండానే పెట్టె సర్దుకుని వచ్చేశాను.

ఇక్కడి కాలేజీ ఏమన్నా స్వర్గమా అంటే, కాదు. వెనుకాల మురుగు మోరీ కంపు. కిటికీ తెరిస్తే బొగ్గుదుమ్ము బొమ్మ మీద పడుతుంది, మూసేస్తే ఉక్కతో ప్రాణం పోతుంది. సగంమంది పిల్లలు ఫోన్లో బొమ్మ చూసి దించేస్తారు. కానీ రామకిషన్ సర్ ఉన్నాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు దుకాణాల బోర్డులు రాసేవాడు, వాళ్ళమ్మది సిర్పూర్ వైపు, తెలుగు వచ్చు. మొదటి రోజు నా టీ కాగితాలు చూసి "ఛాయ్ తాగనీకి ఉన్నది బిడ్డా, కాయితానికి తాపనీకి కాదు" అని బయట పారేశాడు. మాతో బ్రష్షులు మూడుసార్లు కడిగిస్తాడు. ఎదుటివాడి పనిముట్టు ముట్టుకోవాలంటే ముందు అడగాలి, అది ఆయన పెట్టిన కట్టుబాటు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేను బయటికి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను.

నువ్వు బాపును అడిగావట, పిల్ల దేవుడికి దండం పెడుతుందా అని. పెట్టడం లేదు తాతా. అమ్మ ఆదివారం బండారి పెడితే చెయ్యి వెనక్కి తిప్పి తుడిచేస్తున్నాను. మొన్న మహాకాళి గుడి దాకా వెళ్ళి, చెప్పులు విప్పి, మళ్ళీ తొడుక్కుని వచ్చేశాను. నమ్మకం పోయిందని అమ్మ ఏడుస్తోంది. పోలేదు. పోయి ఉంటే హాయిగా ఉండేది. నమ్మకం ఉంది కాబట్టే మొహం చూపించలేకపోతున్నాను.

నేను అడగవచ్చినది ఒక్కటే. ఇరవై మూడున గౌరమ్మ పెద్దమ్మ ఇంట్లో పట్నం నువ్వే వెయ్యాలి. రేకులు వార్ధాలో వదలకూడదు. నీ మతికి ఏమీ కాలేదు. నీ చేతిని దేవుడు వదిలిపెట్టలేదు. ఈ మాట ఊరికే ధైర్యానికి చెప్పడం లేదు, నాకు తెలిసి చెప్తున్నాను.

బాపు కీళ్ళనొప్పులకు నూనె రాస్తున్నాడు, తగ్గింది. అమ్మ నీకు జొన్నరొట్టెలు భూమన్న మామతో పంపుతోంది, మెత్తగా ఉన్నప్పుడే తినండి. నాయనమ్మ మోకాలు జాగ్రత్త.

ఇట్లు,
నీ దగ్గర టీ అనే అక్షరం నేర్చుకున్న
తిరుమల

తా.క. తాతా, ఇక్కడిదాకా గట్టిగా చదివి ఉంటావు. దీన్ని మాత్రం నీలో నువ్వే చదువుకో అని రాసి, కొట్టేశాను. నీకు మతి పోయిందని ఇంటింటికీ చెప్పింది నాయనమ్మ. కాబట్టి ఇది కూడా ఆమెకు వినబడేట్టే చదువు.

ఆ పిల్ల నేనే.

అంతకు ముందు ఏడు దీపావళి సెలవులకు వచ్చినప్పుడు, నువ్వు స్నానానికి వెళ్ళావు. ట్రంకుపెట్టెకు తాళం లేదు. మన ఇంట్లో దొంగ ఎవరుంటారని తాళం వేస్తావు? పచ్చచీర ఆమె ఉన్న రేకే తీశాను. పట్నాల రోజులు వచ్చేలోపు తెచ్చి పెట్టేద్దామనుకున్నాను. సర్ ఇవ్వలేదు. నేనూ గట్టిగా అడగలేదు. రాజురాలో పెట్టె తెరిచాక నాయనమ్మ ఫోన్ చేసి ఏడిస్తే నేనేమన్నానో గుర్తుందా? ఎక్కడో ఉంటుందిలే, బాగా వెతకండి అన్నాను. ఆ మాట పట్టుకునే నువ్వు కబాడీ దుకాణాలన్నీ తిరిగావు.

వాళ్ళకు నీ గద్దె అక్కర్లేదు తాతా. గద్దెను తలుపు వైపు తిప్పి, టీ కప్పు ఆమెను బయటికి పెట్టారు. ఆడవాళ్ళ దొడ్డి అని గుర్తుపట్టడానికి ఆడబొమ్మ కావాలి కదా, అందుకు. మరుసటి పొద్దున వాళ్ళు నేల తుడుస్తున్నప్పుడు వెళ్ళి, రూపాయి బిళ్ళతో స్క్రూలు విప్పి తెచ్చేశాను. ఏమిటని ఒక్కరూ అడగలేదు. తరువాత కూడా ఎవరూ అడగలేదు. వాళ్ళకు అది పోయిన సంగతే తెలియలేదు.

అప్పటి నుంచి పది నెలలు అది నా బొమ్మల సంచిలోనే ఉంది. బతుకమ్మకు కోఠారి వచ్చినప్పుడు కూడా తెచ్చాను. పెట్టె వెనుక జారవిడిచి, దొరికింది తాతా, ఇక్కడే ఉంది అని అరుద్దామనుకున్నాను. నువ్వు నమ్మేవాడివి. మతితో పాటు కళ్ళు కూడా పోయాయనుకునేవాడివి. ఆ పని చెయ్యలేకపోయాను. నిజం చెప్పే ధైర్యం కూడా రాలేదు. మళ్ళీ సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఇప్పుడు మూట విప్పు. చింతపండుతో తోమాను, బండారి నీళ్ళతో కడిగాను. నాలుగు మూలలా నాలుగు కొత్త చిల్లులు ఉన్నాయి, స్క్రూలవి. రామకిషన్ సర్ వాటిని మూసేసి ఇస్తానన్నాడు. నేనే వద్దన్నాను. ఇరవై మూడున నువ్వు గద్దె వేస్తే నాలుగు చుక్కలు ఎక్కువ పడతాయి. ఎవరైనా అడిగితే దాచకు, నా పేరు చెప్పు. నేను వస్తాను. గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడతాను, నువ్వు పిలిస్తేనే లోపలికి వస్తాను. పట్నం తొక్కేటప్పుడు ముందు ఆ నాలుగు చుక్కలు తొక్కు తాతా.